తిరగని బండికీ వయసొస్తుంది

చూపు మందగించి డ్రైవింగ్ మానేశాక మా మావయ్య తన కారు నాకిచ్చేశాడు. తొమ్మిదేళ్ల పెట్రోలు బండి, మాన్యువల్ గేర్లు, మీటరు మీద 41,000 కిలోమీటర్లు. చూసినవాళ్లందరిదీ ఒకటే మాట: "తొమ్మిదేళ్లలో నలభై ఒక్క వేలేనా! అసలు తిరగనే లేదు కదా, కొత్త బండే." మావయ్య కూడా తాళాలు చేతిలో పెడుతూ, "ఏమీ చేయించక్కర్లేదురా, ఆయిల్ మార్పించి తోలుకో" అన్నాడు.

నాకు ఆ ధైర్యం చాల్లేదు. కారులో తిరిగేకొద్దీ అరిగేవి కొన్ని ఉంటాయి: టైరు ట్రెడ్, బ్రేకు ప్యాడ్లు, క్లచ్ ప్లేటు. తిరిగినా తిరక్కపోయినా ఏళ్లు గడిచేకొద్దీ పాడయ్యేవి ఇంకొన్ని: రబ్బరు, ఆయిళ్లు, ఇంజన్‌ని చల్లబరిచే కూలెంట్, బ్యాటరీ. మీటరులో కనిపించేది మొదటి రకం సంగతే. రెండో రకం సంగతి తెలియాలంటే కాగితాలు చూడాలి, లేదా విప్పి చూడాలి. అందుకని బండిని రోజూ వాడకానికి తీసే ముందు ఒక నియమం పెట్టుకున్నాను. ఎప్పుడు మార్చారో రుజువుంటే సరే, లేకపోతే మార్చనట్టే లెక్క. పాత బండ్లు కొని ఏళ్ల తరబడి నడిపేవాళ్లు ఎప్పటినుంచో చేస్తున్న పనే ఇది.

ముందు కాగితాల పని పట్టాను. డ్యాష్‌బోర్డు అరలో ఒక ప్లాస్టిక్ కవరు, అందులో సర్వీసు బుక్కు. మొదటి నాలుగేళ్లూ ముద్రలు పద్ధతిగా పడ్డాయి. ఆ తర్వాత విడి బిల్లులు. వాటిలో సగం మెషిన్ నుంచి వచ్చే నున్నటి కాగితం మీదవి, వేడికి అక్షరాలన్నీ ఎగిరిపోయి తెల్లగా మిగిలాయి. చదవగలిగిన వాటిలోనూ "జనరల్ చెకప్", "ఆయిల్ సర్వీస్" అని తప్ప వివరం లేదు. ఏ గ్రేడు ఆయిల్ పోశారు, ఫిల్టర్ మార్చారా, ఏ భాగం వేశారు అన్నది రాయని బిల్లు డబ్బు కట్టినదానికి రుజువేమో గానీ పని జరిగినదానికి రుజువు కాదు. చివరికి ఆ కవరులోంచి పనికొచ్చే సంగతి ఒక్కటే తేలింది: బ్యాటరీ మూడేళ్ల కిందట వేశారు.

అదే అరలో బండి మాన్యువల్ దొరికింది. తొమ్మిదేళ్లలో ఎవరూ తెరిచినట్టు లేదు, పేజీలు ఒకదానికొకటి అంటుకునే ఉన్నాయి. అందులో మెయింటెనెన్స్ పట్టికలు రెండున్నాయి. ఒకటి మామూలు వాడకానికి, రెండోది కఠినమైన వాడకానికి. కఠినమైన వాడకమంటే కొండలెక్కడం, బరువులు లాగడం అనుకుంటారు చాలామంది. మాన్యువల్ ఏమంటుందంటే, చిన్న చిన్న దూరాలు పదే పదే తిరగడం, ఆగి ఆగి కదిలే ట్రాఫిక్, దుమ్ము, విపరీతమైన ఎండ, ఇంజన్ ఆన్‌లో పెట్టి ఎక్కువసేపు నిలబెట్టడం, ఇవన్నీ కఠినమైన వాడకమేనట. మావయ్య ఎప్పుడూ రెండు మూడు కిలోమీటర్లకి మించి వెళ్లేవాడు కాదు. మెల్లగా, గీత పడకుండా నడిపాడు. అయినా ఆ పట్టిక ప్రకారం ఆయన బండి కఠినంగా వాడిన బండే!

దానికి కారణం ఇంజన్‌లో ఆయిల్ పోసే మూత తిప్పగానే కనిపించింది. మూత లోపలి వైపు లేత పసుపు రంగులో చిక్కటి జిగురు. ఇంజన్ కాలేటప్పుడు నీటి ఆవిరి పుడుతుంది, అందులో కొంత కింద ఆయిల్‌లోకి చేరుతుంది. చల్లగా ఉన్న ఇంజన్‌లోకి పెట్రోలు కాస్త ఎక్కువగా వెళ్తుంది, అందులోనూ కొంత ఆయిల్‌లో కలుస్తుంది. బండి ఓ అరగంట ఆగకుండా నడిస్తే ఆయిల్ బాగా వేడెక్కి ఆ నీరూ పెట్రోలూ ఆవిరైపోతాయి. రెండు కిలోమీటర్లకే ఆపేస్తే లోపలే ఉండిపోతాయి. ఈ జిగురు చూడగానే హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ పైభాగమైన హెడ్‌కీ కింది భాగానికీ మధ్య ఉండే సీలు) పోయిందని భయపెట్టే మెకానిక్కులున్నారు. మట్టం చూసే డిప్ స్టిక్ మీద ఆయిల్ శుభ్రంగా ఉండి, కూలెంట్ మట్టం తగ్గకుండా ఉంటే తొందరపడక్కర్లేదు. మా బండిలో రెండూ బాగానే ఉన్నాయి.

తర్వాత స్కానర్. స్టీరింగ్ కింద, బండిలోని కంప్యూటర్ సమాచారం బయటికిచ్చే ఓబీడీ సాకెట్ ఉంటుంది; అందులో గుచ్చి ఫోన్‌లో చూసుకునే చిన్న పరికరం నా దగ్గరుంది. అమెరికాలో 1996 నుంచి, యూరప్‌లో పెట్రోలు కార్లకి 2001 నుంచి ఈ సాకెట్ తప్పనిసరి. పాత బండి చూసేవాళ్లు ఎర్రర్ కోడ్ ఏదీ లేదనగానే ఊరట పడిపోతారు. నేను మొదట చూసేది కోడ్‌లు కాదు, రెడీనెస్ మానిటర్లు. బండిలోని కంప్యూటర్ పొగని శుభ్రం చేసే క్యాటలిస్టునీ ఆక్సిజన్ సెన్సార్లనీ తనకు తానుగా పరీక్షించుకుంటూ ఉంటుంది. కోడ్‌లు చెరిపేసినా బ్యాటరీ తీగ పీకినా ఆ పరీక్షల ఫలితాలన్నీ పోయి "పూర్తి కాలేదు" అని చూపిస్తుంది. అమ్మేవాడు పొద్దున్నే కోడ్ చెరిపేసి మధ్యాహ్నం మీకు బండి చూపిస్తే ఈ మానిటర్లు పట్టిచ్చేస్తాయి. మా బండిలో కూడా సగం "పూర్తి కాలేదు" అనే వచ్చాయి. ఇందులో దొంగతనమేమీ లేదు. బండి నెలల తరబడి నిలబడిపోయిందని మావయ్యే బ్యాటరీ తీగ తీసి పెట్టాడు.

ఫోన్ అలాగే పెట్టి ఊరి బయటకి నడుపుకుంటూ వెళ్లాను. కోడ్‌లు లేవు గానీ ఒక అంకె మీద కన్ను పడింది. కూలెంట్ ఉష్ణోగ్రత 74, 75 డిగ్రీల దగ్గరే తిరుగుతోంది. వేగం పెంచితే ఇంకా తగ్గుతోంది. ఈ ఇంజన్ 90 దగ్గర నిలవాలి. అంటే ఇంజన్ వేడెక్కేదాకా కూలెంట్‌ని రేడియేటర్‌కి పోనివ్వకుండా ఆపే థర్మోస్టాట్ తెరుచుకుని అలాగే బిగుసుకుపోయింది, రేడియేటర్‌లోకి నీళ్లు ఎప్పుడూ పారుతూనే ఉన్నాయి. ఇంకొన్నాళ్లు నడిపితే పి0128 అనే కోడ్ పడి ఇంజన్ లైటు వెలిగేదేమో. డ్యాష్‌బోర్డు మీద ముల్లు మాత్రం బుద్ధిగా మధ్యకి కాస్త దిగువన నిలబడి ఉంది. చాలా కార్లలో ఆ ముల్లు అసలు ఉష్ణోగ్రతని ఉన్నదున్నట్టు చూపించదు. చిన్న చిన్న తేడాలకి కదలకుండా కంపెనీయే అమరుస్తుంది.

ఇంటికొచ్చాక చేయాల్సిన పనులన్నీ ఒక కాగితం మీద రాసుకుని వరసలో పెట్టాను. బండి ఆగకపోతే ప్రాణం పోతుంది కనక టైర్లు, బ్రేకులు మొదటి వరస. ఇంజన్‌ని ఒక్క దెబ్బతో నాశనం చేసేవి, అంటే టైమింగ్ బెల్టూ కూలెంటూ, రెండోది. దారిలో నిలబెట్టేసేవి ఆ తర్వాత. ఏసీ చల్లగా రావడం, సీటు కవర్లు, డోరు చప్పుడు లాంటివి ఆఖర్న. చాలామంది ఈ వరసని తలకిందులుగా మొదలుపెడతారు. కొత్త సీటు కవర్లు వేయించుకుని పాత టైర్ల మీద తిరుగుతుంటారు.

టైర్లు చూడటానికి నిగనిగలాడుతున్నాయి. గేజీ పెట్టి కొలిస్తే ట్రెడ్ 5 మిల్లీమీటర్లుంది. 1.6 మిల్లీమీటర్లకి దిగితే పారేయాలి కాబట్టి ట్రెడ్ లెక్కన వీటికింకా బోలెడంత ఆయుష్షుంది. టైరు పక్క గోడ మీద డాట్ అనే అక్షరాల తర్వాత వచ్చే వరసలో ఆఖరి నాలుగు అంకెలు తయారైన వారం, సంవత్సరం. 2216 అని ఉంటే 2016లో 22వ వారం. మా నాలుగు టైర్లూ బండితో పాటు వచ్చినవే. టార్చి పెట్టి ట్రెడ్ గాడుల అడుగున చూస్తే వెంట్రుకవాసి బీటలు వరసగా కనిపించాయి. ఐదేళ్లు దాటితే ఏటా చూపించుకోమనీ, పదేళ్లు దాటితే ఎంత బాగా కనిపించినా తీసేయమనీ టైర్ల కంపెనీలు చెబుతుంటాయి. కొన్ని కార్ల కంపెనీలైతే ఆరేళ్లకే మార్చమంటాయి. నాలుగూ మార్చేశాను. డిక్కీలో ఉన్న స్టెప్నీ ఒక్కసారి కూడా నేల మీద తిరగలేదు. అయినా దాని మీదా అదే ఏడాది ఉంది, పైగా అందులో గాలి సగం కూడా లేదు. దాన్నీ మార్చాను. గాలి ఎంత పెట్టాలన్నది డ్రైవరు డోరు తెరిస్తే స్తంభం మీద స్టిక్కరు చెబుతుంది. టైరు మీద రాసి ఉండే అంకె ఆ టైరు తట్టుకోగల గరిష్ఠ ఒత్తిడి, బండికి పెట్టాల్సింది కాదు.

బ్రేకుల దగ్గర అసలు కథ మొదలైంది. ముందు చక్రాలు విప్పితే కుడి పక్క బయటి ప్యాడ్ 8 మిల్లీమీటర్లు, లోపలి ప్యాడ్ 3 మిల్లీమీటర్లు. ఒకే చక్రం, ఒకే డిస్కు, రెండు ప్యాడ్లకీ ఇంత తేడా! ప్యాడ్లని డిస్కుకి అదిమే క్యాలిపర్‌ని మెకానిక్ చేత్తో కదపబోయాడు, కదల్లేదు. "స్లైడ్ పిన్ను పట్టేసింది సార్. లోపలి ప్యాడ్ ఒక్కటే పనిచేస్తోంది, రెండోది ఊరికే కూర్చుంది" అన్నాడు. క్యాలిపర్ అటూ ఇటూ జరిగేది ఆ పిన్నుల మీదే; వాటి గ్రీజు ఎండిపోయి, లోపల తుప్పు పట్టింది. తిరిగే బండికైతే ప్రతి సర్వీసులో ఎవరో ఒకరు చక్రం విప్పుతారు, అప్పుడు ఇది కంటపడుతుంది. దీనికి చక్రాలు విప్పి ఏళ్లయినట్టుంది. పిన్నులు రుద్ది, రబ్బరుకి పడే సిలికాన్ గ్రీజు పట్టించి, కొత్త ప్యాడ్లు వేశాడు.

ఆ తర్వాత బ్రేకు ఆయిల్. దీని గురించి ఎంత చెప్పినా తక్కువే, ఎందుకంటే ఎవరూ మార్చరు. మట్టం తగ్గదు, చప్పుడు చేయదు, లైటు వెలగదు. కానీ ఇది గాల్లోంచి తేమ పీల్చుకుంటుంది, రబ్బరు గొట్టాల గుండా కూడా. డాట్ 4 గ్రేడు బ్రేకు ఆయిల్ కొత్తది కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదన్నది ప్రమాణం. 3.7 శాతం నీరు చేరాక అదే ఆయిల్‌కి ప్రమాణం 155కి దిగిపోతుంది. నిండు బరువుతో కొండ దిగుతూ బ్రేకు మీద కాలు ఉంచేస్తే క్యాలిపర్ దగ్గర ఆ వేడి రావడం పెద్ద విషయం కాదు. ఆయిల్ మరిగితే ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవం నలగదు గానీ ఆవిరి నలుగుతుంది, పెడలు నేలకి అంటుకుపోతుంది, బండి ఆగదు. పైగా ఊళ్లో మెల్లగా తిరిగినన్నాళ్లూ ఏ తేడా తెలీదు. అందుకే దాదాపు అన్ని మాన్యువల్స్‌లోనూ రెండు మూడేళ్లకోసారి మార్చమని ఉంటుంది, ఎన్ని కిలోమీటర్లు తిరిగిందన్నదానితో పని లేకుండా.

పాత ఆయిల్‌ని బయటికి తోసే పనికి మెకానిక్ కింద, నేను డ్రైవింగ్ సీట్లో. "నొక్కండి... పట్టుకోండి... ఆ, వదలండి." వెనక ఎడమ చక్రం దగ్గర ఆయిల్ బయటికి వదిలే బ్లీడర్ నిపుల్ ముందు తిరగనే లేదు. తుప్పు వదిలించే నూనె కొట్టి, కాసేపు వదిలేసి, పానాతో చిన్న చిన్న దెబ్బలు వేస్తూ కదిపాడు. ఇక్కడ తొందరపడి బలం పెడితే నిపుల్ లోపలే విరిగిపోతుంది, ఆపైన మొత్తం సిలిండర్ మార్చాల్సి వస్తుంది. పారదర్శకమైన గొట్టంలోంచి వచ్చిన పాత ఆయిల్ అచ్చం కషాయమే. కొత్తది లేత తేనె రంగులో ఉంటుంది కాబట్టి ఎక్కడ పాతది అయిపోయి కొత్తది మొదలైందో గొట్టంలో స్పష్టంగా తెలిసిపోతుంది. పని నడుస్తున్నంతసేపూ పై డబ్బాలో ఆయిల్ అయిపోకుండా పోస్తూ ఉండాలి, అయిపోతే గాలి లోపలికి లాగేసి మళ్లీ మొదటికొస్తుంది. నాలుగు చక్రాలూ అయ్యాక పెడలు కాలికి గట్టిగా, పైనే తగిలింది. అంతకుముందు మెత్తగా ఉందని నాకు అనిపించనే లేదు. పోల్చుకోవడానికి ఏదీ లేనప్పుడు ఎలా తెలుస్తుంది!

చక్రాలు బిగించేటప్పుడు నట్లు వరసగా కాకుండా ఎదురెదురుగా బిగించి, ఆఖర్న టార్క్ రెంచితో మాన్యువల్‌లో రాసినంతే బిగించమన్నాను. గాలి తుపాకీతో బర్రుమని బిగించేస్తే రోడ్డు మీద టైరు మార్చాల్సి వచ్చినప్పుడు మన చేతికి ఊడి రావు. వంద కిలోమీటర్లు తిరిగాక ఒకసారి మళ్లీ చూసుకోవాలి. ఈ చివరి పని చెప్పేవాళ్లు ఎక్కువ, చేసేవాళ్లు తక్కువ.

ఇక టైమింగ్ బెల్టు. దీని దగ్గర మెకానిక్‌కీ నాకూ కాస్త వాదన నడిచింది. "నలభై ఒక్క వేలకే బెల్టెందుకు సార్, లక్షకి కదా మార్చేది" అన్నాడు. మాన్యువల్ తెరిచి చూపించాను: లక్ష కిలోమీటర్లు లేదా ఆరేళ్లు, ఏది ముందొస్తే అది. "ఏది ముందొస్తే అది" అన్న ముక్కని మనవాళ్లు చదవరు. బెల్టు రబ్బరుది, ఇంజన్ వేడి పక్కనే కూర్చుంటుంది. ఇది పిస్టన్లకి కలిసి ఉండే క్రాంక్ షాఫ్టునీ వాల్వులు తెరిచే క్యామ్ షాఫ్టునీ లంకె వేస్తుంది, పిస్టన్ పైకొచ్చే వేళకి వాల్వులు మూసుకునేలా చూస్తుంది. చాలా ఇంజన్లలో ఆ రెండిటికీ మధ్య సందు ఎంత తక్కువంటే, బెల్టు తెగిందా, తెరిచి ఉన్న వాల్వుల్ని పిస్టన్లు గుద్దేస్తాయి. వాల్వులు వంగిపోయి హెడ్ దింపాల్సి వస్తుంది. పాత బండి అయితే ఆ ఖర్చుకి భయపడి తుక్కుకి ఇచ్చేసేవాళ్లే ఎక్కువ. ఇంత చేసే బెల్టు తెగేముందు సాధారణంగా ఏ హెచ్చరికా ఇవ్వదు. టైమింగ్ చైను ఉన్న ఇంజన్లకి ఈ గడువు ఉండదు గానీ, ఆయిల్ సరిగ్గా మార్చకపోతే చైనూ సాగుతుంది.

ఒక పక్క ఇంజన్ మౌంటు విప్పి, కింద జ్యాక్ ఆసరా పెట్టి, కవరు తీశాడు. బెల్టు తెగేలా ఏమీ లేదు, నిజం చెప్పాలంటే చూడటానికి బాగానే ఉంది. వెనక్కి వంచి చూస్తే పళ్ల మొదళ్లలో సన్నటి గీతలు. నాకంటే మెకానిక్‌ని ఎక్కువ ఒప్పించింది బెల్టు కాదు, దాన్ని బిగువుగా పట్టి ఉంచే పుల్లీ. పాతదీ కొత్తదీ రెండూ నా చేతికిచ్చి "తిప్పండి సార్" అన్నాడు. కొత్తది గ్రీజు బరువుతో మెల్లగా, చప్పుడు లేకుండా తిరిగి ఆగింది. పాతది గిర్రున చాలాసేపు తిరిగింది, సరసరమని పొడి చప్పుడుతో. ఎక్కువసేపు తిరిగితే మంచిదనుకుంటాం, బేరింగ్ విషయంలో అది తిరగబడుతుంది. లోపల గ్రీజు ఎండిపోయిందని దానర్థం. బెల్టు బాగున్నా ఈ పుల్లీ పట్టేస్తే బెల్టుని కోసేస్తుంది. అందుకే బెల్టు ఒక్కటే మార్చడం దండగ. పుల్లీలు, టెన్షనర్, బెల్టే తిప్పే రకం అయితే వాటర్ పంపు కూడా, అన్నీ ఒకేసారి వేసేయాలి. విప్పే కూలి ఎలాగూ ఒకటే.

క్రాంకు మీదా క్యామ్ మీదా ఉన్న గుర్తులు కలిపి, వాటి మీద తెల్ల రంగు చుక్కలు పెట్టుకుని, కొత్త బెల్టు ఎక్కించాడు. టెన్షనర్ బిగించాక తాళం తిప్పలేదు. క్రాంకు బోల్టుకి పానా వేసి చేత్తోనే ఇంజన్‌ని రెండు చుట్లు పూర్తిగా తిప్పి, గుర్తులు మళ్లీ కలిశాయో లేదో చూశాడు. గుర్తు ఒక్క పన్ను తప్పినా కంటికి తెలుస్తుంది, వాల్వు పిస్టన్‌కి తగిలితే చేతికి తెలుస్తుంది, ఆపేయొచ్చు. స్టార్టర్ మోటారుకి ఆ వివేకం ఉండదు. ఈ ఒక్క పని చూశాక ఆ మెకానిక్ మీద నాకు గురి కుదిరింది. మెకానిక్ మంచివాడో కాదో తెలుసుకోవాలంటే ఇలాంటి చోటే గమనించాలి, మాటల దగ్గర కాదు.

వాటర్ పంపు తీస్తే కూలెంట్ ఎలాగూ పోతుంది కాబట్టి థర్మోస్టాట్, కూలెంట్ పని కూడా అక్కడే కలిసొచ్చింది. కూలెంట్ డబ్బా లోపలి గోడలకి తెల్లటి పొర పట్టి ఉంది. ఎవరో ఎప్పుడో మట్టం తగ్గిందని కుళాయి నీళ్లు పోశారు. ఆ నీళ్లలోని సున్నం సన్నటి గొట్టాల్లో పేరుకుంటుంది. కూలెంట్ అంటే గడ్డకట్టకుండా ఆపే మందు ఒక్కటే అనుకుంటాం గానీ, మరిగే ఉష్ణోగ్రతని పెంచడం, లోపలి లోహాలని తుప్పు నుంచి కాపాడటం కూడా దాని పనే. సగానికి సగం కలిపిన కూలెంట్, పైన ఒత్తిడి మూత సరిగ్గా ఉంటే, 120 డిగ్రీలు దాటినా మరగదు. తుప్పుని ఆపే రసాయనాలు మాత్రం ఏళ్లతో ఖర్చయిపోతాయి, రంగు అలాగే ఉండిపోతుంది. ఆ రంగుని నమ్మి రెండు రకాలు కలిపేయకూడదు. ఎర్రవన్నీ ఒకటి కావు, పచ్చవన్నీ ఒకటి కావు. డిస్టిల్డ్ వాటర్‌తో తేటగా వచ్చేదాకా కడిగించి, మాన్యువల్‌లో చెప్పిన రకమే పోయించాను. గాలి బయటికి పోవడానికి హీటర్ పూర్తి వేడిలో పెట్టి, ఫ్యాన్ తిరిగేదాకా ఇంజన్ నడిపి, చల్లారాక మట్టం మళ్లీ చూశాం. ఆ సాయంత్రం ఫోన్‌లో అంకె 89 దగ్గర వచ్చి నిలబడింది.

గేరు ఆయిల్ సంగతీ చెప్పాలి. మాన్యువల్‌లో దానికి గడువే లేదు, జీవితకాలం సరిపోతుందన్న ధోరణిలో రాశారు. ఎవరి జీవితకాలమో చెప్పలేదు! నేను మార్పించాను. ఇక్కడ ఒక చిన్న మెళకువ: కింద ఖాళీ చేసే బోల్టు కంటే ముందు, పైన పోసే బోల్టు విప్పి చూసుకోవాలి. కిందది విప్పి ఆయిలంతా పారబోశాక పైది రానని మొండికేస్తే బండి అక్కడే నిలబడిపోతుంది. మా బండికి జీఎల్-4 రకం కావాలి. దుకాణంలో జీఎల్-5 ఇస్తూ ఇది ఇంకా పైరకం అన్నారు. నంబరు పెద్దదే గానీ, దానిలోని కొన్ని రసాయనాలు గేరుబాక్సులో గేర్లు సాఫీగా కలిసేలా చూసే ఇత్తడి సింక్రో రింగులకి పడవు. మాన్యువల్‌లో ఉన్నదే కొనుక్కున్నాను.

ఇంజన్ ఆయిల్, ఫిల్టర్, స్పార్క్ ప్లగ్గులు అందరికీ తెలిసినవే, తొందరగా అయిపోయాయి. ఎయిర్ ఫిల్టర్ డబ్బా తెరిచేసరికి మాత్రం మెకానిక్ పక్కకి దూకాడు. ఎండుటాకులు, దూది పీలికలు, ఫిల్టర్ కాగితం కొరికిన ముక్కలు. ఎలుక కాపురం! ఎలుక లేదు, ఖాళీ చేసి వెళ్లిపోయింది. నిలబెట్టిన బండికి ఇది మామూలే. దాంతో పక్కనున్న వైరింగ్ అంతా టార్చి వేసి వెతికాం. ఒక్క చోట పైతొడుగు కొరికి వదిలేసింది, లోపలి తీగ బాగానే ఉంది. టేపు చుట్టాం.

బ్యాటరీ మూడేళ్లదే కదా అనుకున్నాను. నిండా చార్జి పెట్టి, రాత్రంతా వదిలేసి, పొద్దున మల్టీమీటర్ పెడితే 12.2 వోల్టులు. మంచి బ్యాటరీ 12.6 చూపించాలి. ఇంజన్ నడుస్తుండగా చూస్తే 14.2, అంటే బ్యాటరీకి చార్జి పెట్టే ఆల్టర్నేటర్ తన పని తాను చేస్తోంది, బ్యాటరీయే పట్టుకోలేకపోతోంది. చార్జి లేకుండా నెలల తరబడి పడి ఉంటే లోపలి పలకల మీద సల్ఫేట్ గట్టిపడిపోతుంది. ట్యాంకులో పాత పెట్రోలు అడుక్కొచ్చేదాకా నడిపి కొత్తది కొట్టించాను. పెట్రోలులోని తేలికైన భాగం నిల్వలో ఎగిరిపోతుంది.

చేయించనివీ ఉన్నాయి. ఇంజన్ ఫ్లష్, అంటే మందు పోసి ఇంజన్ లోపల కడగడం, వద్దన్నాను. ఇంజెక్టర్ క్లీనింగ్ వద్దన్నాను, ఎందుకంటే స్కానర్‌లో ఫ్యూయల్ ట్రిమ్ అంకెలు (పెట్రోలుని కంప్యూటర్ ఎంత సర్దుతోందో చెప్పేవి) సున్నాకి దగ్గరగానే ఉన్నాయి, పెట్రోలు అంటుకోకుండా పోయే మిస్‌ఫైర్ లేదు. ఆయిల్‌లో కలిపే సీసాలు, పెట్రోలులో కలిపే సీసాలు ఏవీ వద్దన్నాను. జబ్బు లేనిచోట మందెందుకు? ఆ డబ్బుతో బ్రేకు ఆయిల్ వచ్చేస్తుంది.

ఇదంతా చూసిన మా తమ్ముడు, "ఇంత చేయించే బదులు ఫలానా కంపెనీ బండి కొనుక్కుంటే నమ్మకంగా ఉంటుంది కదన్నయ్యా" అన్నాడు. కంపెనీల మధ్య తేడాలు లేవని నేననను. కొన్ని ఇంజన్లు పుట్టుకతోనే గట్టివి, కొన్ని గేరుబాక్సులు పుట్టుకతోనే తగాదా. కానీ ఆ పేరు బండిని ఒక మేరకే మోస్తుంది. అమెరికాలో ఇర్వ్ గోర్డన్ అని ఒక సైన్సు మాస్టారు ఉండేవాడు. 1966లో కొన్న వోల్వో పి1800 కారుని 2013లో 30 లక్షల మైళ్లు దాటించాడు, అంటే 48 లక్షల కిలోమీటర్లు. గిన్నిస్ రికార్డు ఆయనదే. రహస్యం ఏమిటని అడిగినవాళ్లకి, మాన్యువల్‌లో చెప్పింది చెప్పినప్పుడు చేయడమే అనేవాడు. ఆ మోడల్ కార్లు మిగతావాళ్లూ వేలల్లో కొన్నారు మరి.

ఇప్పుడు బండిలో ఒక చిన్న నోటుబుక్కు ఉంది. తేదీ, మీటరు అంకె, ఏం మార్చాం, ఏ గ్రేడు, మళ్లీ ఎప్పుడు. "మళ్లీ ఎప్పుడు" దగ్గర రెండు గడులు పెట్టాను, ఒకటి తేదీకి, ఒకటి కిలోమీటర్లకి. బిల్లు రాగానే ఫోన్‌తో ఫోటో తీసేస్తున్నాను, అక్షరాలు ఎగిరిపోకముందే. వారానికొకసారి ఓ గంట పాటు ఆపకుండా నడిపి వస్తున్నాను. ఆయిల్ మూత కింద ఆ పసుపు జిగురు మళ్లీ కనిపించలేదు. రెడీనెస్ మానిటర్లు కూడా ఒకటొకటిగా అన్నీ "పూర్తయింది" కిందకి వచ్చేశాయి. పెట్రోలు ఖర్చు కాస్త తగ్గింది. అది థర్మోస్టాట్ పుణ్యమే అనుకుంటున్నా. ఇంజన్ సరిగ్గా వేడెక్కనంతకాలం కంప్యూటర్ పెట్రోలు ఎక్కువే పోస్తుంది.

వెనక కుడి పక్క స్పీడ్ బ్రేకర్ మీద టక్కుమని ఒక చప్పుడు మిగిలింది. షాక్ అబ్జార్బర్ పైబుష్ అరిగిందట. ఆయిల్ కారడం లేదు, బండి ఊగడం లేదు, ఇప్పుడప్పుడే తొందరలేదన్నాడు మెకానిక్. పెన్సిలుతో రాసి పెట్టుకున్నాను. రెండు పక్కలా ఒకేసారి మార్పిస్తాను, బ్రేకు ఆయిల్ గడువు వచ్చేలోపు.